మట్టి అడిగిన మొక్కు: షీలా కే-స్మిత్ ససెక్స్ నవలల్లో నేల, నమ్మకం

1923లో వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అలార్డ్’ నవల చివర్లో గెర్వేస్ అలార్డ్ అనే యువకుడి చేతికి తరతరాల నాటి ఎస్టేటు వస్తుంది. తండ్రి పోయాడు, అన్నలు పోయారు, మిగిలిన మగ వారసుడు తనొక్కడే. అప్పటికే అతను ఇల్లు వదిలి మఠంలో చేరి ఉన్నాడు. తిరిగొచ్చి వంశం నిలబెట్టమని ఇంటివాళ్ళు అడుగుతారు. గెర్వేస్ ఒప్పుకోడు. భూమి అమ్మేయమని చెప్పి మఠానికే వెళ్ళిపోతాడు.

ఆ నవల అప్పట్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ విపరీతంగా అమ్ముడుపోయింది. రాసిన షీలా కే-స్మిత్ పేరు ఇప్పుడు ఇంగ్లండులోనే కొద్దిమందికి తెలుసు. ఆ కొద్దిమందీ రెండు జట్లు. ఒక జట్టు ఆమెను దక్షిణ ఇంగ్లండులోని ససెక్స్ పల్లెల నవలాకారిణి అంటుంది. బంకమట్టి, గొర్రెలు, హాప్ (బీరు తయారీకి వాడే తీగ) తోటలు, యాసలో మాట్లాడే రైతులు వాళ్ళకు ముఖ్యం. రెండో జట్టు ఆమెను కాథలిక్ సంఘంలోకి మారిన క్రైస్తవ రచయిత్రిగా చదువుతుంది. ఇలా చీల్చి చదివితే ఆమె చేతికి చిక్కదని నా అభిప్రాయం. ఆమె నవలల్లో దేవుడి గురించి మాట వచ్చిన ప్రతిచోటా దాని వెనక కౌలు, దశమభాగం, వారసత్వం, అప్పు ఉంటాయి. భూమి గురించి మాట వచ్చిన ప్రతిచోటా ఒక మొక్కుబడి ఉంటుంది. నేల మనిషిని ఏం అడుగుతుంది? దాన్ని కాదనగల బలం అతనికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె మంచి నవలలన్నీ ఈ రెండు ప్రశ్నల మధ్య నడుస్తాయి.

షీలా 1887లో ససెక్స్ సముద్రతీరంలో, హేస్టింగ్స్ పక్కనున్న సెయింట్ లెనర్డ్స్‌లో పుట్టింది. తండ్రి డాక్టరు. అంటే ఆమెది రైతు కుటుంబం కాదు. రై పట్టణం, రోథర్ నది, కెంట్ సరిహద్దు, వాటి చుట్టూ ఉన్న పల్లెలు. ఆమె నవలల్లో చాలా భాగం ఈ చిన్న మేరలోనే జరుగుతాయి. 1908లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, మొదటి నవల ‘ది ట్రాంపింగ్ మెథడిస్ట్’ అచ్చయింది. ఊరూరా కాలినడకన తిరిగే మెథడిస్టు బోధకుడి కథ అది. డాక్టరుగారి అమ్మాయి మొదటి నవలకే అలాంటి వీధి బోధకుణ్ణి ఎందుకు ఎంచుకుందో తెలియాలంటే, అక్కడి ఊళ్ళో చర్చి ఎవరిదో, చాపెల్ ఎవరిదో ముందు తెలియాలి.

చర్చి ఎవరిది, చాపెల్ ఎవరిది

పాత ఇంగ్లండు పల్లెలో రాతి గోపురంతో ఉండే చర్చి ప్రభుత్వ మతానిది, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ది. దాని గురువును (పాదిరీని) చాలాచోట్ల ఊరి భూస్వామే ఎంపిక చేసేవాడు. ఆ నియామక హక్కు ఆస్తితో పాటు వారసులకు దక్కేది, కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాబట్టి పెద్ద కొడుక్కి ఎస్టేటు, మరో కొడుక్కి చర్చి అన్న ఏర్పాటు చాలా ఇళ్ళలో ఉండేది. అలార్డ్ కుటుంబంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. గెర్వేస్ అన్న జార్జ్ సొంత ఊరి చర్చికే గురువు. ఆ పదవి అతనికి దేవుడి పిలుపుతో వచ్చింది కాదు, తండ్రి కాగితంతో వచ్చింది. ఈ సంగతి జార్జ్‌కే ఆలస్యంగా తెలిసిరావడం నవలలో చాలా బాధ పెట్టే ఘట్టం.

గురువుగారి జీతం రైతు దగ్గర నుంచే వచ్చేది. పంటలో పదో వంతు ఇవ్వాలన్న పాత నియమాన్ని 1836 చట్టం డబ్బు రూపంలోకి మార్చింది. అంతకుముందు ధాన్యం, ఉన్ని, గుడ్లు కూడా నేరుగా తీసుకెళ్ళేవాళ్ళు. చర్చికి వెళ్ళని రైతు కూడా కట్టాల్సిందే. 1930ల్లో పంట ధరలు పడిపోయినప్పుడు ఈ బాకీ కోసం పశువుల్ని జప్తు చేస్తే రైతులు గుంపులుగా అడ్డుపడ్డారు. చివరికి 1936లో ఆ పద్ధతి రద్దయింది. ఇంగ్లండు రైతుకు చర్చి మీద ఉన్న అసంతృప్తిలో సగం ఈ బాకీ లెక్కలదే.

ఊరి చివర ఇటుకలతో కట్టిన చిన్న ప్రార్థనా మందిరం చాపెల్. అది ప్రభుత్వ చర్చికి బయట ఉన్న మెథడిస్టులది, బాప్టిస్టులది, లేదా పేరు ఆ పరగణా దాటని ఏదో చిన్న సహవాసానిది. అక్కడ బోధించేది కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, ఒక్కోసారి కూలీ. భూస్వామి ముందు టోపీ తీసి నిలబడే మనిషి ఆదివారం అక్కడ నోరు తెరిచి మాట్లాడగలిగేవాడు. 1872లో వ్యవసాయ కూలీల సంఘాన్ని లేవదీసిన జోసెఫ్ ఆర్చ్ కూడా మెథడిస్టు చాపెల్ బోధకుడే. కాబట్టి చాపెల్‌కు వెళ్ళడం విశ్వాసంతో పాటు ఊళ్ళో ఎటు నిలబడ్డావో చెప్పడం కూడా.

ససెక్స్ చాపెళ్ళలో కాల్వినిస్టు పట్టు గట్టిది. రక్షణ పొందేవాళ్ళను దేవుడు ముందే ఏర్పరచుకున్నాడు, మిగతావాళ్ళు ఏం చేసినా లాభం లేదు అన్న బోధ అది. సేద్యంలో ఇది ఎంత లోతుగా దిగుతుందో ఆలోచించండి. ఎంత కష్టపడినా వడగళ్ళు పడితే పంట పోయే మనిషికి ఈ దేవుడు కొత్తవాడేం కాదు. 1920 నాటి ‘గ్రీన్ ఆపిల్ హార్వెస్ట్’లో రాబర్ట్ ఫుల్లర్ అనే రైతు కొడుకు ఈ బోధ వల్లే ఒకసారి పరవశించిపోతాడు, ఇంకోసారి తాను శాశ్వతంగా శపించబడ్డానని కుమిలిపోతాడు. ఊళ్ళోవాళ్ళకు అతని బోధ అక్కర్లేదు, అయినా ఆగడు. పక్కనే ఉన్న తమ్ముడు క్లెమ్ మాత్రం మతం గురించి పెద్దగా మాట్లాడడు, అన్నను వదిలిపెట్టడు కూడా. రాబర్ట్‌ను పిచ్చివాడుగా చూపించడం చాలా తేలిక. షీలా ఆ పని చేయదు. తన నమ్మకం అది కాకపోయినా అతని భయాన్ని అతని మాటల్లోనే మనకు వినిపిస్తుంది.

ఇక మూడో పాయ. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఒక ఉద్యమం, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వ శాఖ కాదు, అపొస్తలుల నుంచి బిషప్పుల పరంపరగా దిగివచ్చిన సార్వత్రిక సంఘంలో భాగం అని వాదించింది. అలా నమ్మినవాళ్ళను ఆంగ్లో-కాథలిక్కులు అన్నారు. బల్ల మీద కొవ్వొత్తులు, ధూపం, గురువు ముందు పాప సంకీర్తనం (చేసిన పాపాలు ఒప్పుకోవడం), రోజూ పూజ. రోమ్‌తో సంబంధం లేకుండానే కాథలిక్ జీవితం. దీన్ని అణచడానికి 1874లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం కింద కొందరు గురువులు జైలుకు కూడా వెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి షీలా ఈ పాయలో ఉంది.

ఈ గొడవ తెలుగు క్రైస్తవులకు పూర్తిగా పరాయిది కాదు. దోర్నకల్ ఆంగ్లికన్ల (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పరంపరవాళ్ళ) కేంద్రం, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య ఆ దోర్నకల్‌కే బిషప్. మెదక్‌లో పెద్ద చర్చి కట్టింది వెస్లియన్ మెథడిస్టులు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి ఈ రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చినప్పుడు, బిషప్ చేతులుంచకుండా అభిషేకం పొందిన పాస్టర్లను అలాగే ఒప్పుకోవడం ఏమిటని ఇంగ్లండులో ఆంగ్లో-కాథలిక్కులు తీవ్రంగా అభ్యంతరపెట్టారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆ కారణంగానే అప్పట్లో బయట ఉండిపోయారు. అదే ఇంగ్లండులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు కలిసే ప్రయత్నం 1972లో ఓట్లు చాలక విఫలమైంది. ‘ది ట్రాంపింగ్ మెథడిస్ట్’కూ ‘హౌస్ ఆఫ్ అలార్డ్’కూ మధ్య ఉన్న దూరం మన దగ్గర ఒక సంతకంతో దాటిపోయారని గుర్తుంచుకుంటే, ఆ దూరాన్ని తన జీవితంలో నడిచిన మనిషి నవలలు మనకు వేరుగా కనిపిస్తాయి.

నేలే దేవుడైన చోట

1916 నాటి ‘ససెక్స్ గోర్స్’ ఆమె మొదటి గొప్ప నవల. 1835లో మొదలవుతుంది. బోర్జెల్ అనే బీడు గుట్ట ఉంటుంది. గోర్స్ ముళ్ళపొదలు, నెత్తిన కొన్ని దేవదారు చెట్లు, ఏటా జరిగే సంత. ఊరివాళ్ళు అక్కడ పశువుల్ని మేపుకుంటారు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటారు. ఉమ్మడి బీళ్ళను కంచె వేసి సొంత ఆస్తిగా పంచే చట్టం కింద అధికారులు వచ్చి కంచె నాటుతారు. జనం తిరగబడి పీకుతారు. మిగతావాళ్ళంతా పోగొట్టుకున్న మేతబీడు గురించి ఏడుస్తుంటే, రూబెన్ బాక్‌ఫీల్డ్ అనే కుర్రాడు ఒక్కడే ఆ గుట్ట మొత్తం తనదవ్వాలని నిశ్చయించుకుంటాడు. మిగతా నవలంతా ఆ నిశ్చయమే.

ఎకరం ఎకరం కొంటాడు. చెట్టు మొద్దు పేల్చే పనిలో తమ్ముడు హ్యారీ కళ్ళు పోతాయి, బుద్ధి చెదురుతుంది. భార్య వరుస కాన్పులతో అరిగి చనిపోతుంది. పిల్లలు రూబెన్ లెక్కలో కూలి ఇవ్వక్కర్లేని కూలీలు. ఒకడు జైలుకు వెళ్తాడు, ఒకడు లండన్ పారిపోయి వకీలవుతాడు, ఒకడు ఓడెక్కుతాడు, కూతురు పక్క పొలం ప్రత్యర్థిని పెళ్ళాడుతుంది. అతన్ని నిజంగా అర్థం చేసుకున్న ఏలిస్ జ్యూరీ అనే ఆమెను కూడా ఆ గుట్ట కోసమే వదులుకుంటాడు.

ఇలాంటి కథ చదువుతుంటే చివర్లో ముసలివాడు పశ్చాత్తాపపడతాడని మనం కాచుకుని ఉంటాం. షీలా అతన్ని పశ్చాత్తాపపడనివ్వదు. ఎనభై దాటిన రూబెన్ గుట్ట మీద నిలబడి తృప్తిగా ఉంటాడు. కొడుకులందరి కంటే బోర్జెలే అతనికి ఎక్కువ ఇచ్చింది. ఈ ముగింపు చాలామంది విమర్శకులను ఇబ్బంది పెట్టింది, నన్ను మాత్రం ఆమె మీద గౌరవంతో నింపింది. నేలను కొలిచేవాడికి నేల మోసం చేయదు, అడిగిందంతా తీసుకుని మాట నిలబెట్టుకుంటుంది. అందులోనే భయం ఉంది. అలాంటి మొక్కు ముందు ఏ మతం నిలబడగలదు అన్న ప్రశ్నకు ఆమె దగ్గర 1916లో జవాబు లేదు. ఉన్నట్టు నటించలేదు కూడా.

జవాబు వెతుకులాట యుద్ధంతో మొదలైంది. 1918 నాటి ‘లిటిల్ ఇంగ్లండ్’లో ససెక్స్ పల్లె నుంచి కుర్రాళ్ళు బలవంతపు సైన్యంలోకి పోతారు. ఆ ఊరి చాపెల్ బోధకుడు సంప్షన్ ఒకప్పటి కమ్మరి. అతని కొడుకు జెర్రీని సైన్యం వదిలి పారిపోయినందుకు తన సైన్యమే కాల్చి చంపుతుంది. వీరమరణం పొందినవాళ్ళ పేర్ల మధ్య ఆ తండ్రి తన కొడుకు పేరు ఎక్కడ పెట్టుకోవాలి? యుద్ధం ఇంకా ముగియకుండానే ఒక రచయిత్రి ఈ ప్రశ్న వేయడం చిన్న ధైర్యం కాదు.

జొయానా నుంచి అలార్డ్ దాకా

1921 నాటి ‘జొయానా గాడెన్’ ఆమె నవలల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. రై దగ్గర వాలండ్ మార్ష్ అనే చిత్తడి మైదానం ఉంది. సముద్రం వెనక్కి తగ్గి వదిలిపోయిన నేల అది. గట్లు, కాలువలు, గొర్రెలు. అక్కడి కాపరులను లుకర్లు అంటారు. 1897లో తండ్రి చనిపోగానే జొయానా పొలాన్ని కౌలుకివ్వకుండా, పెళ్ళి చేసుకోకుండా, తనే సేద్యం చేస్తానంటుంది. చుట్టుపక్కల మగ రైతులు నవ్వుతారు. ఆమె గడ్డినేల దున్ని గోధుమ వేస్తుంది. గొర్రెలను పరాయి జాతితో సంకరం చేసి ఒక ఏడాది మంద చాలావరకు పోగొట్టుకుంటుంది. పడి లేస్తుంది. రంగు రంగుల బళ్ళు, పెద్ద టోపీలు, గట్టి గొంతు. ఇంగ్లీషు నవలల్లో ఇంత నిండైన ఆడ రైతు అరుదు.

జొయానా చర్చికి వెళ్తుంది. పొలానికి ఎరువెంత అవసరమో ఊరికి చర్చి అంత అవసరం అన్నట్టు ఉంటుంది ఆమె భక్తి. గురువుగారికి కూడా సలహాలిస్తుంది. పెళ్ళాడాల్సిన మార్టిన్ జబ్బు చేసి చనిపోయినప్పుడు ఆ భక్తి ఏ మాత్రం సాయపడదు. చాలా ఏళ్ళ తర్వాత, తనకంటే చిన్నవాడైన లండన్ గుమాస్తా ఒకడి వల్ల గర్భవతి అవుతుంది. పరువు కోసం అతన్ని పెళ్ళి చేసుకోవచ్చు. అతని మీద ప్రేమ లేదని గ్రహించి వద్దంటుంది, ప్రాణంలా చూసుకున్న పొలం అమ్మి, బిడ్డ కోసం ఆ ప్రాంతమే వదలడానికి సిద్ధపడుతుంది. బోధ లేదు, చర్చి జరిపే సంస్కార విధి లేదు, ఎవరూ ఆమెను క్షమించరు. కానీ రూబెన్ చేయలేని పని ఆమె చేసింది, నేలను వదిలింది. నాకు ఇది షీలా రాసిన అతి లోతైన క్రైస్తవ పుట. అందులో క్రీస్తు పేరు లేకపోవడం దాని బలం.

రెండేళ్ళ తర్వాత ‘హౌస్ ఆఫ్ అలార్డ్’ వచ్చింది. 1894లో పెట్టిన వారసత్వ పన్ను 1919లో అతిపెద్ద ఆస్తుల మీద 40 శాతానికి చేరింది. 1870ల నుంచి అమెరికా గోధుమ ఓడల్లో దిగి ఇక్కడి ధరలను పడగొట్టింది. యుద్ధంలో వారసులు చనిపోయారు. 1918 తర్వాత మూడు నాలుగేళ్ళలో ఇంగ్లండులో లెక్కలేనన్ని ఎస్టేట్లు అమ్మకానికొచ్చాయి, చాలాచోట్ల కొన్నది కౌలుదార్లే. ఈ నేపథ్యంలో సర్ జాన్ అలార్డ్ పిల్లలు ఒక్కొక్కరూ ఎస్టేటుకు బలిగా ఏదో ఒకటి ఇవ్వాలి. పీటర్ తాను ప్రేమించిన స్టెల్లాను కాదని డబ్బున్న అమ్మాయిని చేసుకుంటాడు, ఆ తప్పు అతన్ని ఆత్మహత్యదాకా తీసుకెళ్తుంది. జెన్నీ కులీనత వదిలేసి మామూలు రైతును చేసుకుని సుఖపడుతుంది. గెర్వేస్ ముందు మోటారు గ్యారేజీలో పనికి చేరతాడు, తర్వాత ఆంగ్లో-కాథలిక్ అవుతాడు, తర్వాత మఠం.

రూబెన్‌కు ఏడేళ్ళ తర్వాత వచ్చిన జవాబు గెర్వేస్. నేల అడిగే మొక్కు కంటే పెద్ద మొక్కు ఒకటి ఉంటే తప్ప మనిషి నేలను వదలలేడని ఈ నవల అంటుంది. దీనికి లోపాలున్నాయి, దాచను. పీటర్ చావు కథ అవసరానికి అమర్చినట్టుంటుంది. స్టెల్లాకు భక్తి ఉండటం, పీటర్ భార్య వేరాకు లేకపోవడం ముందే వేసిన తూకం. యూదు ఇంటి ఆడపడుచైన వేరా చిత్రణలో ఆనాటి ద్వేషపు వాసన ఉంది, ఈ రోజు చదివితే గుచ్చుకుంటుంది. అయినా ఒక గ్రామీణ నవలాకారిణి, గ్రామాన్ని నిలబెట్టిన భూస్వామ్యం పోవడమే మంచిదని, అదీ మతం తరఫున నిలబడి చెప్పడం ఆ కాలంలో ఎవరూ ఊహించని దిశ. పల్లెను ప్రేమించే ఇంగ్లీషు రచయితల్లో ఎక్కువమంది పాత జమీందారీ కోసం కన్నీళ్ళు కార్చారు.

1924లో షీలా థియొడోర్ పెన్‌రోజ్ ఫ్రై అనే ఆంగ్లికన్ గురువును పెళ్ళి చేసుకుంది. కొత్త ప్రార్థన పుస్తకాన్ని పార్లమెంటు 1927లో, మళ్ళీ 1928లో తిరస్కరించింది. సంఘం ఎలా ప్రార్థించాలో ఎంపీలు ఓటేసి చెప్పడం ఆంగ్లో-కాథలిక్కులకు పెద్ద దెబ్బ. 1929లో దంపతులిద్దరూ రోమన్ కాథలిక్ సంఘంలో చేరారు. ఫ్రైకి అది ఉద్యోగాన్నీ హోదానూ వదులుకోవడం. ఇద్దరూ నార్దియం దగ్గర లిటిల్ డూస్‌గ్రోవ్ అనే పొలానికి మారి, అక్కడ లిజియుకు చెందిన పునీత తెరేసా పేరిట ప్రార్థనాలయం కట్టించారు. ఆమె 1937 నాటి ఆత్మకథ ‘త్రీ వేస్ హోమ్’లో పల్లె, రచన, మతం మూడూ ఇంటికి చేర్చిన దారులుగా కనిపిస్తాయి.

మతం మారాక వచ్చిన నవలల్లో చాలావాటిలో జవాబు ప్రశ్న కంటే ముందే వస్తుందని నా ఫిర్యాదు. 1931 నాటి ‘సూసన్ స్ప్రే’ మాత్రం మినహాయింపు. పంతొమ్మిదో శతాబ్దపు ససెక్స్‌లో పొలంలో పక్షులు తోలే పేద కూలి పిల్ల పిడుగుల వానలో దేవుణ్ణి చూశానంటుంది. అబద్ధం అనిపిస్తుంది, కానీ చెప్పగా చెప్పగా తనే నమ్ముతుంది. చిన్న సహవాసంలో పెద్ద బోధకురాలవుతుంది. కాథలిక్ అయిన రెండేళ్ళకే రాసింది కాబట్టి ఇది చాపెళ్ళ మీద దాడి అని కొందరు తీసుకున్నారు. నాకు అలా అనిపించదు. చదువు, భూమి, మగ పుట్టుక ఏవీ లేని పిల్లకు ఆ దేశంలో నోరు తెరవడానికి దొరికిన ఒకే ఒక్క చోటు ఆ వేదిక అని నవల స్పష్టంగా చూపిస్తుంది.

1932లో స్టెల్లా గిబ్బన్స్ ‘కోల్డ్ కంఫర్ట్ ఫార్మ్’ రాసి ఇలాంటి మట్టి నవలలను ఎద్దేవా చేసింది. అందులో వణికే సహోదరుల సంఘం, నరకం గురించి అరిచే బోధకుడు కూడా ఉంటారు. ఆ పుస్తకం ఇంకా బతికే ఉంది. దాని దెబ్బ తిన్న నవలలు మాత్రం దుకాణాల్లోంచి పోయాయి. యాసను అతిగా పిండటం, ప్రతి పొదకూ ఆత్మను అంటగట్టడం షీలాలో ఉన్నాయి, గిబ్బన్స్ పట్టుకున్నది అబద్ధం కాదు. కానీ ఆ పరిహాసం నిండా పట్టించుకోకుండా వదిలేసింది డబ్బు లెక్కలను. కంచె చట్టం, కౌలు, వారసత్వ పన్ను, గురువు నియామకం షీలాకు చాలా కచ్చితంగా తెలుసు, వాటి మీద హాస్యం పనిచేయదు. 1947లో జొయానా కథ సినిమాగా వచ్చినప్పుడు సంగీతం సమకూర్చింది వాన్ విలియమ్స్. 1980ల్లో విరాగో ప్రచురణలు ఆమె నవలలను మళ్ళీ వేశాయి. ఆమె 1956 జనవరిలో కన్నుమూసింది.

మొదటిసారి చదివేవాళ్ళు ‘జొయానా గాడెన్’తో మొదలుపెట్టండి. తర్వాత ‘ససెక్స్ గోర్స్’, ఆపైన ‘అలార్డ్’. అచ్చయిన వరుసలో వెళ్తే రూబెన్ మొండితనం దగ్గరే విసుగొచ్చే ప్రమాదం ఉంది. జొయానాను చూశాక వెనక్కి వస్తే అతను వదులుకోలేనిదేమిటో తెలుస్తుంది. పాత నవలల్లో చాలావరకు ఇంగ్లీషు మూలం అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. యాస సంభాషణలు మొదటి యాభై పేజీలు కష్టపెడతాయి, పైకి చదివితే త్వరగా పట్టుబడతాయి.